నాలుగో బ్లాకు

తూంకుంట,
మార్చి 2003

భానుప్రకాశ్ గారికి నమస్కారం.

నా భార్య శోభారాణి పోయాక గైడుగా మీరు అచ్చు వేయించిన ఆమె వరి పరిశోధన వ్యాసం చూశాను. పట్టికలో ఎర్రర్ వరుసకు డి.ఎఫ్. పన్నెండు అని ఉంది. ఎరువులు, బ్లాకులు ఎన్నో దాన్నిబట్టి వచ్చే అంకె అది అని ఆమె చెప్పేది. అయిదు ఎరువులు, నాలుగు బ్లాకులు ఉంటేనే పన్నెండు వస్తుంది. మూడు బ్లాకులకు ఎనిమిదే.

ఆ పంట కాలంలో శామీర్‌పేట చెరువు అలుగు పారి నాలుగో బ్లాకు మడులన్నీ మునిగాయి. కుళ్లిన పైరును ఆమెతోపాటు నేనూ పీకాను. "సారు ఈ బ్లాకు అంకెలు అందాజుగ నింపుమంటున్నడు. నేను నింప. పోయింది పోయినట్టే రాస్త" అన్నది ఆ రోజు.

మరి ఆ బ్లాకు వడ్లు ఎవరు తూచారు? చెప్పలేకపోతే సవరణ వేయించండి. రచయితల్లో ఆమె పేరు మొదట పెట్టారు. ఆమె పోయిందని మాత్రం ఎక్కడా వేయలేదు. సవరణలో రెండూ పోయినట్టే రాయండి.

ఇట్లు,
శోభారాణి భర్త