బావ గొంతున్న డిస్క్

ఫిబ్రవరి 9, ఆదివారం

అక్క కంప్యూటర్ అప్‌గ్రేడ్ చేసొచ్చాను. పాతది ఆన్ చేస్తే, కాఫీ తాగి కప్పు కడిగేసరికి తెరుచుకునేది. ఇప్పుడు పది సెకన్లు. బావ స్పీచ్ థెరపీ వీడియో కాల్‌లోనే జరుగుతుంది, అది మాటిమాటికీ ఆగిపోతోందని అక్క ఒకటే గోల. బావకి పక్షవాతం వచ్చి ఏడు నెలలు. నడుస్తాడు, అన్నీ అర్థమవుతాయి, మాటే రాదు. ఊఁ, కాదు. అంతే.

ఇంటి వీడియోలు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేశాకే పాత డిస్క్‌లు ఫార్మాట్ కొట్టాను. అన్నీ ఉన్నాయా అని అక్క మూడుసార్లు అడిగింది. ఆఫీసులో రెండు వందలమంది డేటా చూసేవాణ్ణి, నన్నా అడిగేది అని గొప్పలు పోయాను. పాత పెద్ద డిస్క్ ఇక అక్కర్లేదంటే నేనే తెచ్చుకున్నాను.

ఫిబ్రవరి 10

ఆఫీసు పార్కింగ్ కెమెరాల రికార్డర్‌లో డిస్క్ పోయింది. అక్కవాళ్ళది పెట్టేశా. మేనేజర్ శభాష్ అన్నాడు.

ఫిబ్రవరి 21

అక్క ఫోన్. బావ మాట్లాడుతున్న పాత వీడియోలు కావాలని థెరపిస్ట్ అడిగిందట. తన గొంతు తనే వింటూ, దాంతోపాటు పలకడం ప్రాక్టీస్ చేయిస్తుందట. బావకి వీడియోలు తీసే పిచ్చి, తీస్తూ కామెంటరీ చెప్పే పిచ్చి. కూతురు సైకిల్ నేర్చుకుంటుంటే వెనకాలే పరిగెడుతూ, ఇదిగో కుడికి వాలింది, ఇప్పుడు గోడకి ముద్దు పెట్టబోతోంది అంటూ ఒకటే వాగుడు. అలాంటివి చిన్న ముక్కలుగా కట్ చేసివ్వమంది అక్క. ఆదివారం ఇస్తానన్నాను.

ఫిబ్రవరి 22, సాయంత్రం 5

నూట నలభై ఫైళ్ళు. పేర్లన్నీ ఉన్నాయి. ఒక్కటీ తెరుచుకోవట్లేదు. ఒక్కోటీ రెండు కేబీ.

5.30

అవి వీడియోలు కావు. షార్ట్‌కట్‌లు. అసలు వీడియో ఎక్కడుందో చూపించే గుర్తులంతే.

నాలుగేళ్ళ కిందట సి డ్రైవ్ నిండిపోతే, వీడియోలన్నీ పెద్ద డిస్క్‌లోకి మార్చింది నేనే. అక్క వెతుక్కోకూడదని డెస్క్‌టాప్ మీద ఫోల్డర్‌లో షార్ట్‌కట్‌లు పెట్టిందీ నేనే. ఆ సంగతే మర్చిపోయి ఆ ఫోల్డర్‌ని కాపీ చేశాను. రెండు సెకన్లలో అయిపోతే కొత్త డిస్క్ భలే స్పీడు అనుకున్నాను. నా మొహం. ఒక్కటంటే ఒక్కటైనా తెరిచి చూడలేదు.

అసలు వీడియోలున్న డిస్క్‌ని ఫార్మాట్ చేసి రికార్డర్‌లో పెట్టాను. పన్నెండు రోజులుగా దాని మీద పార్కింగ్ రికార్డ్ అవుతోంది.

ఫిబ్రవరి 24

ఆఫీసులో ఏదో సాకు చెప్పి డిస్క్ తీసి, డేటా రికవరీ అతనికి ఇచ్చాను. మీరేం చేస్తుంటారని అడిగాడు. టీచర్నన్నాను.

ఫిబ్రవరి 28

దొరికినవి: పార్కింగ్, పార్కింగ్, పార్కింగ్. ఒకదాంట్లో నేను హెల్మెట్ తీసి జుట్టు సర్దుకుంటున్నాను. బావవి ఒక్కటీ లేవు. కావాలని చెరిపినా ఇంత శుభ్రంగా చెరగదు, దీన్ని రికార్డర్‌లో పెట్టిన వెధవెవడో అన్నాడు రికవరీ అతను. అవునండీ అన్నాను.

బావ వీడియోలు తీసిన కెమెరా ఎప్పుడో పాడైంది. పాత ఫోన్ మార్చేశారు. బావ గొంతు ఇంకెక్కడా లేదు.

మార్చి 1

ఫైళ్ళు కన్వర్ట్ అవుతున్నాయి, టైమ్ పడుతుందని అక్కకి చెప్పాను. తొందరేం లేదురా, నీ పని మానుకుని చెయ్యకు అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

మార్చి 4

ఇవాళ్టి అబద్ధం: కేబుల్ పోయింది.

మార్చి 9, ఆదివారం

తేలు కుట్టిన దొంగలా అక్క ఇంటికెళ్ళాను. అక్క మందుల షాపుకెళ్ళింది. బావా నేనూ.

చెప్పేశాను. షార్ట్‌కట్‌లు, రికార్డర్, కేబుల్ అబద్ధంతో సహా. గుండెల మీంచి బరువు దిగినట్టనిపించింది. ఎందుకు దిగిందో తెలిశాక సిగ్గుతో చచ్చిపోయాను. అక్కకి చెప్పలేడు కాబట్టే బావకి చెప్పాను. అది బావకీ అర్థమైంది. తర్వాత బిస్కెట్ల ప్లేటు నా వైపు జరిపాడు. ఒకటి తిన్నాను కూడా.

అక్క వచ్చేసరికి చెప్పులేసుకుంటున్నాను. వీడియోలేవిరా అంది. వచ్చే వారం అన్నాను. బావ మొహం అటు తిప్పుకున్నాడు.

మార్చి 13

కొత్తగా చేరినవాళ్ళకి బ్యాకప్ గురించి క్లాసు చెప్పమన్నాడు మేనేజర్. జ్వరమని ఇంట్లో ఉండిపోయాను.

మార్చి 15, మధ్యాహ్నం

అక్క ఫోన్ చేసి ఏడుస్తోంది. తెలిసిపోయిందనుకున్నాను. నోరు తెరవబోతే, ముందు నేను చెప్పేది విను అంది. బావ మాట్లాడాడట.

పొద్దున్న థెరపిస్ట్ మళ్ళీ వీడియోలు అడిగింది. మా తమ్ముడు ఇంకా తేలేదు, వాడికి ఎన్నిసార్లు చెప్పాలో అని అక్క విసుక్కుంటోంది. బావ బల్ల మీద చెయ్యి కొట్టి, ఒక్కో మాటా కూడగట్టుకుంటూ, వీడియోలు నేనే చెరిపేశాను అన్నాడట. తెలీక ఏదో నొక్కేసుంటాడు అంది అక్క. థెరపిస్ట్ చప్పట్లు కొట్టిందట. అక్క ఇంకోసారి చెప్పించి ఫోన్‌లో తీసింది.

వీడియోలు పోతే పోయాయిలే, మనిషికి మాటొచ్చింది, నాకది చాలు అంది. నీకు ముందే తెలుసు కదూ, బావని తిడతానని ఇన్నాళ్ళూ నాన్చావు కదూ, ఎంత మంచోడివిరా అంది.

నేను ఊఁ అన్నాను.

క్లిప్ పంపింది. ఇదైనా జాగ్రత్తగా దాచమంది.

మార్చి 16, ఉదయం 9.10

అక్క ఇంటి మెట్ల మీద. క్లిప్ పద్నాలుగు సెకన్లు. మూడు చోట్ల దాచాను. మూడూ తెరిచి చివరిదాకా చూశాను. బావ మాట మూడింట్లోనూ స్పష్టంగా ఉంది. అది అబద్ధమని ఇప్పుడు అక్కకి చెప్పాలి. బెల్ కొట్టాను.