ఎడమ చెయ్యి ఆరంగుళాలు పొట్టి

నరసరావుపేట,
ఆదివారం మధ్యాహ్నం.

బంగారం ఫాయిజాకు,

మీ అబ్బా సలాం, బోలెడన్ని దువాలు. అల్లా దయవల్ల ఇంట్లో మనుషులం ముగ్గురం, కుట్టు మిషన్లు రెండూ ఆరోగ్యంగానే ఉన్నాం. విశాఖపట్నంలో నువ్వు, మీ హాస్టల్ సాంబారుతో రాజీపడి కులాసాగా ఉన్నావని తలుస్తాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మీ అమ్మీ మోకాలు నయం. నువ్వు రాసి పంపిన వ్యాయామం రోజూ చేస్తోంది. కాకపోతే టీవీ చూస్తూ చేస్తుంది కాబట్టి, సీరియల్లో ఎవరైనా ఏడిస్తే కాలు గాల్లోనే ఆగిపోతుంది. సల్మాన్ చదువుతున్నాడా అని అడిగావు. పుస్తకం తెరిచే ఉంటోంది, అంతవరకు నేను సాక్ష్యం చెప్పగలను. ఇక మూడోది, "ఆ సినిమా మన పేటకొచ్చిందా, మనవాళ్ళు ఏమంటున్నారు?" అన్నావు. ఏమంటున్నారా! తల్లీ, అది చెప్పడానికే ఈ ఉత్తరం. ఆదివారం నర్సింగ్ కాలేజీవాళ్ళు నీకిచ్చే పది నిమిషాల ఫోను మీ అమ్మీకే చాలదు. పైగా చివర్లో నీకొక మాట చెప్పాలి. అది ఫోన్లో నా నోటికి రాదు.

నువ్వు ఇంటర్లో ఉండగా అన్నం తింటూ కూడా చూసిన ఆ జపాను కార్టూను, "మంచుదారి దీపం". కార్టూన్ అంటే నీకు కోపం. సరే, అనిమే. దాన్ని నిజం మనుషులతో తీశారు కదా. ట్రైలర్ వచ్చిన రోజు సల్మానూ, గుడ్డల కొట్టు బాలకోటయ్య గారి అబ్బాయి సాయికిరణూ, వెనక వీధి తహసీనూ మన షాపులో ఒకే ఫోన్ మీదికి మూడు తలలు వంచి చూస్తున్నారు. ఉన్నట్టుండి సల్మాన్ "చెయ్యి! చెయ్యి!" అని గావుకేక పెట్టాడు. ఎవరి వేలు సూది కింద పడిందో అని నేను కత్తెర వదిలేసి లేచాను.

"చెయ్యి చూడబ్బా! హీరో తమోజీ కోటుకి రెండు చేతులూ సమానంగా కుట్టి తగలేశారు!"

"సమానంగా ఉంటే ఏంది రోగం? పని తెలిసినోడే కుట్టాడు" అన్నాను.

ముగ్గురూ నన్ను బిర్యానీలో బెల్లం వేసినవాణ్ణి చూసినట్టు చూశారు.

ఇక ఆ రోజు నుంచి షాపులో బట్టల మాట లేదు, ఆ చేతి గోలే. మాచర్ల, గురజాల, సత్తెనపల్లి ఫ్యాన్సంతా ఒక గ్రూపట. గురజాల ఆయనొకడు, పెళ్ళయి ఇద్దరు పిల్లలున్నవాడు, మిరపకల్లంలో నిలబడి నలభై నిమిషాల వీడియో తీసి ఆ సినిమావాళ్ళను తిట్టాడు. వెనకాల కాయలు ఎండబోస్తున్న ఆడవాళ్ళు కూడా మధ్యమధ్యలో "నిజమే నిజమే" అంటున్నారు. సాయికిరణ్ అసలు సినిమా చూడొద్దన్నాడు. తహసీన్ ఒప్పుకోలేదు. "చూడకుండా తిడితే అది తిట్టు కాదురా, చాడీ" అంది. ఆ పిల్ల లాయరవుతుంది చూడు.

చివరికి తేల్చిందేమంటే, మొదటి రోజు మొదటి ఆటకి పదకొండు మంది సరైన కోట్లు వేసుకుని వెళ్ళి, సినిమా అంటే ఇట్టా తియ్యాలని తెరకే చూపించాలి. ఆ కోట్లు కుట్టాల్సింది నేను. మంచులో వేసుకునే కోటు, పల్నాడు ఎండలో! లైనింగ్ పెడితే హాల్లో వీళ్ళకు సెలైన్ ఎక్కించాల్సి వస్తుందని, బాలకోటయ్య గారి దగ్గర ముదురు గోధుమరంగు నూలు గుడ్డ తెప్పించాను.

తహసీన్ బొమ్మ గీసిన కాగితం నా ముందు పెట్టింది. "చాచా, ఎడమ చెయ్యి ఆరంగుళాలు పొట్టి. అంచు మడవమాకండి. సరిచెయ్యమాకండి. ఫాయిజా అక్క ఉత్తరం రాసి చానా గట్టిగా చెప్పింది. ‘అప్పట్లో మా అబ్బాకి ఈ సంగతి చెప్పడం నేనే మర్చిపోయా, మీరు మర్చిపోమాకండి, కాగితం మీద రాసియ్యండి’ అంది."

నా చేతిలో టేపు జారిపోయింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

"ఎందుకు పొట్టి?" అని మాత్రం అడిగాను. "చూస్తే తెలుస్తది చాచా" అంది. సరే, మూడు మధ్యాహ్నాలు షాపు తలుపు ఓరగా వేసి, నేనూ మీ అమ్మీ కూర్చుని చూశాం. ఎనిమిదో భాగం దాకా నేను గొణుగుతూనే ఉన్నాను. ఎనిమిదో భాగంలో, కనుమ మీద మంచు గాలి, కింద దారి తప్పిన చెల్లెలు, దీపంలో వత్తి అయిపోయింది. ఆ తమోజీ, వాళ్ళమ్మ కుట్టిన కోటు ఎడమ చెయ్యి పర్రున చింపి, ఆ గుడ్డను వత్తిగా పేనాడు. ఆ తర్వాత ఎవరెన్నిసార్లు బాగు చేస్తామన్నా ఆ చేతిని ముట్టుకోనివ్వడు. మా తాత దూది ఏకినవాడు ఫాయిజా. వత్తి విలువ నాకు ఒకరు చెప్పాలా? కండువా మొహాన కప్పుకుని ఏడ్చాను. మీ అమ్మీ కాలు గాల్లో అట్లాగే ఉండిపోయింది.

పదకొండు కోట్లూ కుట్టాను. కానీ ఎడమ చెయ్యి దగ్గరికొచ్చేసరికి నా వల్ల కాలేదు. ముప్పై ఏళ్ళుగా అంచు మడిచిన చెయ్యి, మడవకుండా వదలమంటే వదులుతుందా? కత్తెరతో కోస్తే నున్నగా వస్తోంది, చిరిగినట్టు లేదు. బాలకోటయ్య గారు వచ్చి చూసి నవ్వారు. "నీకెందుకయ్యా ఆ తంటా? కొట్లో మేం చేసేదే కదా. కత్తెరతో చిన్న గాటు పెట్టు. మిగతాది చేత్తో లాగితే పోగు వెంట అదే చిరుగుద్ది." అలాగే గాటు పెట్టి ఎవరి కోటు వాళ్ళకిచ్చాను. పదకొండు మందీ వరసగా నిలబడి పర్రు పర్రున చింపుకున్నారు, ఒక్కో చింపుకి ఒక్కో ఈల. నా షాపులో గుడ్డ చింపితే నాకు సంతోషం కలగడం అదే మొదటిసారి.

సినిమా సంగతి చెబుతాను. నన్నూ లాక్కెళ్ళారు. హీరో ఇస్త్రీ కోటుతో, సమానమైన చేతులతో కనపడగానే హాలంతా "చించు! చించు!" అని ఒకటే గోల. మా వెనక కూర్చున్న పెద్దామె "ఏందమ్మా, ఏం చించాలి?" అని కంగారుపడింది. తహసీన్ కథంతా చెప్పింది. ఇంటర్వెల్ కల్లా ఆమె మనవాళ్ళకంటే గట్టిగా అరుస్తోంది. తీరా కనుమ మీద మంచు గాలి వచ్చింది, వత్తి అయిపోయింది. హీరో ఏం చేశాడో తెలుసా? సంచిలోంచి వత్తుల ప్యాకెట్ తీశాడు! "ఏ కొట్లో కొన్నావురా నాయనా!" అని ఆ పెద్దామే అంది. హాలు పగిలిపోయేలా నవ్వారు.

అయినా ఒక న్యాయం చెప్పాలి. చెల్లెలు ఆ వెలుగు చూసి "అన్నా" అని పరుగెత్తేసరికి తిట్టినవాళ్ళందరూ ముక్కులు ఎగబీల్చారు. చూడనే చూడనన్న సాయికిరణ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "కోటు దరిద్రం, పిల్ల మాత్రం బంగారంలా చేసింది" అన్నాడు. బయట టీ కొట్టు దగ్గర గంటసేపు పోట్లాడుకున్నారు, ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు చేతులేసుకునే. మాచర్ల నుంచి వచ్చిన పిల్లలు మనవాళ్ళ కోట్లు పట్టుకుని చూసి, "అచ్చం బొమ్మలోదే! ఎవరు కుట్టారు?" అన్నారు. సల్మాన్ నన్ను ముందుకు తోశాడు. "మా అబ్బా!" అన్నాడు. అంతే, నాతో ఫోటోలే ఫోటోలు. "మామా, సినిమావాళ్ళకి తెలియంది మీకు తెలిసిందే!" అన్నారు.

నేను నవ్వాను. కానీ ఆ మాట నాకు దక్కాల్సింది కాదు ఫాయిజా.

మూడేళ్ళ కింద నీ కాలేజీ ఫంక్షన్‌కి ఇదే కోటు కుట్టమన్నావు. నువ్వు చెప్పడం మర్చిపోలేదు. కాగితం మీద గీసి, కింద రాసి మరీ ఇచ్చావు. నేను చదివాను. చదివి కూడా, ఒక చెయ్యి పొట్టిగా ఉన్న కోటుతో నా కూతురు స్టేజీ ఎక్కితే "నూర్ మొహమ్మద్‌కి చూపు ఆనడం లేదు" అంటారని, రెండూ సమానం చేసి, అంచు మడిచి, ఇస్త్రీ చేసి ఇచ్చాను. నువ్వు ఏడ్చావు. "కాగితంలో ఇచ్చాను కదబ్బా" అన్నావు. "ఆ కాగితంలో చెయ్యి గురించి ఏం లేదు, నువ్వే మర్చిపోయి నన్నంటావేం" అని కసిరాను. కాగితం చూపించమన్నావు. పోయిందన్నాను. పోలేదు. కొలతల పుస్తకం అట్ట లోపల పెట్టాను. నువ్వు ఇల్లంతా వెతుకుతుంటే చూస్తూ కూర్చున్నాను. చివరికి నేనే మర్చిపోయానేమో అని నీ మీదే వేసుకున్నావు.

ఆ తర్వాత నువ్వు నన్ను ఒక్క రవిక కూడా కుట్టమనలేదు. రంజానుకి రెడీమేడ్. నర్సింగ్ తెల్లకోటు కూడా రెడీమేడ్. ఎవరైనా అడిగితే "మా అమ్మాయి మోడరన్" అని నవ్వేవాణ్ణి. లోపల నాకు తెలుసు. తప్పు నాది, అబద్ధం నాది. మన్నించు తల్లీ. ఆ కాగితం ఇందులో పెట్టాను. నీ రాత నువ్వే చూసుకో: "ఎడమ చెయ్యి ఆరంగుళాలు పొట్టి. అంచు మడవొద్దు అబ్బా, ప్లీజ్."

ఉత్తరంతో పాటు పార్సిల్లో నీ పాత కోటు వస్తుంది. మీ అమ్మీ ట్రంకు పెట్టెలో దాచింది. ఎడమ చేతి అంచు కుట్టు విప్పాను. పక్క కుట్టు కూడా ఆరంగుళాలు విప్పి, అక్కడ చాక్‌పీసుతో గీత గీసి, గాటు పెట్టాను. నేను చింపలేదు. అది నీ పని. గట్టిగా ఒక్క లాగు లాగు.

చిరిగిన ముక్క మాత్రం పారెయ్యకు. దాని మీద నీ ఇప్పటి కొలతలు రాసి నాకు పంపు. తెల్లకోటు కుడతాను. మూడు చేతులు పెట్టమని రాసినా సరే, మూడూ పెడతాను.

ఇట్లు,
నీ ముక్క కోసం టపా మనిషి దారి చూస్తూ,
మీ అబ్బా,
నూర్ మొహమ్మద్.