సున్నపు బరిణె

కొలంబో,
ఆదివారం పొద్దున

అన్నయ్యకు,

తమ్ముడు శ్రీను దణ్ణాలు పెట్టి రాస్తున్నాను. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? వదిన, చిన్ని బాగున్నారా? పత్తి రెండో తీతకి కూలీలు దొరికారా? నేను బాగానే ఉన్నాను. నిజంగానే బాగున్నానని అమ్మతో గట్టిగా చెప్పు, నేను చెబితే నమ్మదు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని అనుకుంటున్నావు కదా. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెడతావు, ఇంటిల్లిపాదీ వింటారు. వాట్సాప్‌లో రాస్తే నీకంటే ముందు చిన్ని చదివేస్తుంది. ఇది నీ ఒక్కడికే. మొన్న ఫోన్లో, నా ఉత్తరం అందేదాకా బోడు దిబ్బ మీదకి జేసీబీని ఎక్కనివ్వకు అంటే నువ్వు పకపకా నవ్వావు. చేలో మూలనున్న ఆ దిబ్బ చదునైతే అరెకరం కలిసొస్తుందని నాకూ తెలుసు. అయినా కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదువు.

ఇక్కడ పని మామూలే. సముద్రం దాటొచ్చినా మిరపకాయ నన్ను వదల్లేదు. బస్తా కోసి, తేమ చూసి, తాలు ఎంతుందో షావుకారికి చెప్పడం. తుమ్ములు కూడా మామూలే. రోజూ మధ్యాహ్నానికి వాన దంచుతుంది. కూరలో కొబ్బరిపాలు, పులుసులో కొబ్బరిపాలు, ఆఖరికి పప్పులోనూ అవే. నాలుక చచ్చిపోయింది, వదినని కాస్త కందిపొడి కొట్టి పంపమను. తెలుగు మాట వినబడదు. బస్తాల మీద మన అక్షరాలు కనిపిస్తే పనాపి మరీ చదువుకుంటున్నాను.

అసలు విషయం చెప్పకుండా ఎక్కడెక్కడో తిరుగుతున్నాను. రెండు కాగితాలు చింపేశానన్నయ్యా, ఇది మూడోది.

పున్నమి నాడు ఇక్కడ సెలవు. మా బజారు వాళ్ళంతా కలిసి బస్సు మాట్లాడుకుని అనురాధపురం వెళ్ళాం. ఎప్పటివో బౌద్ధుల గుళ్ళు, శిథిలాలు. అన్నీ చూపించి చెప్పడానికి ఒక పెద్దావిడ వచ్చింది, రిటైరైన టీచరమ్మ. తమిళంలో చెబుతుంది. బజారు పుణ్యమా అని నాకూ ఆ భాష కాస్త అబ్బింది. చెప్పులు బస్సులోనే వదిలెయ్యమంది. ఎండకి రాళ్ళు కాలి అట్లపెనంలా ఉన్నాయి. పైకప్పుల్లేని స్తంభాలు, కొండంత ఇటుక స్తూపాలు. మొదట్లో నేను ఒకచోట నిలబడితేగా, కాళ్ళు కాలి నీడకీ నీడకీ గెంతుతుంటే ఆవిడ రెండుసార్లు కేకలేసింది.

ఒక పడిపోయిన గోడ దగ్గర ఆగిపోయాను. ఆ ఇటుకలు మూర పొడుగున్నాయి. మన బోడులో నువ్వు గడ్డపారతో పెళ్ళగించినవీ అవేగా.

తర్వాత మ్యూజియంలో అద్దాల బీరువా ముందు నిలబెట్టింది. లోపల గుండ్రటి తెల్లరాతి బరిణె, మూతకి చిన్న బొడిపె. నాయనమ్మ సున్నం పెట్టుకున్న బరిణె ఉందే, అచ్చం అదే. ఇందులో ఏముండేదో చెప్పండని టీచరమ్మ అడిగింది. బంగారమని ఒకరు, రత్నాలని ఒకరు అన్నారు. నేను వాళ్ళ వెనక్కి జరిగాను. నాకు తెలుసుగా.

బూడిద, చిన్న ఎముక ముక్క అని ఆవిడే చెప్పింది. ఎవరో మహానుభావుడివట. ఇంత స్తూపం కట్టింది దానికోసమేనట, అసలు నిధి అదేనట.

మనం నిధి కోసం తవ్వి, ఆ నిధినే చూసి జడుసుకున్నాం. నీకు గుర్తుందా, రాత్రిళ్ళు దయ్యాలుంటాయని మే నెల మిట్టమధ్యాహ్నం అందరూ పడుకున్నాక తవ్వాం. ఇటుకల కింద దొరికిన బరిణె మూత తీస్తే బూడిద, చింతగింజంత ఎముక. నీకు ముచ్చెమటలు పోశాయి. "ఎవరిదోరా ఇది, మున్నేట్లో కలిపేసి రా, వెనక్కి చూడమాక" అన్నావు. ఖాళీ బరిణె ఇంటికి తెస్తే, మున్నేటి ఇసకలో దొరికిందని మనం చెప్పిన అబద్ధం నమ్మి నాయనమ్మ సున్నం వేసుకుంది. పోయేదాకా అందులోంచే ఆకులకి రాసుకుంది.

ఆ తొలకరికే నాన్నని చేలో పాము కరిచింది. నిధికి పాము కాపలా ఉంటుందని ఊళ్ళో అంటారుగా. నువ్వు ఎవరితోనూ అనలేదు, కానీ ఇరవై రెండేళ్ళుగా నీ మనసులో ఉన్నదేంటో నాకు తెలుసు. ఇంటెనకే ఏరు పెట్టుకుని నాన్న అస్థికలు వేదాద్రి తీసుకెళ్ళి కృష్ణలో కలిపావు. ఆనాటి నుంచి మున్నేట్లో కాలు పెట్టలేదు, చిన్నికి ఈత కూడా నేర్పించలేదు. ఇప్పుడు ఆ బోడు కళ్ళముందు లేకుండా చేద్దామని చూస్తున్నావు. అరెకరం కోసం కాదు.

అందరూ బస్సెక్కాక నేను వెనక్కెళ్ళి టీచరమ్మని అడిగాను. తెలియక ఎవరైనా అలాంటిది తెరిస్తే వాళ్ళకేమవుతుందని. నా ముఖం చూసి ఏదో అర్థమైనట్టుంది. "ఏమీ కాదు బాబూ. ఆయన ఎవరి మీదా కోప్పడి ఎరగడు. మళ్ళీ మూసి పెడితే చాలు" అంది. దారి పొడుగునా కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. పొట్లంలో అన్నం తినబుద్ధి కాలేదు.

ఇక చెప్పేస్తాను, నన్ను తిట్టు. మే నెలలో మున్నేట్లో నీళ్ళెక్కడివన్నయ్యా? ఒడ్డుకెళ్తే ఇసక తప్ప ఏమీ లేదు, నాలుగు కుక్కలు తిరుగుతున్నాయి. అవి నోట కరుచుకుపోతాయని భయమేసింది. వెనక్కొచ్చి, బూడిదతో సహా ఆ ముక్కని అదే గోతిలో పెట్టి, ఇటుకలు పేర్చి మట్టి కప్పేశాను. నీ దగ్గరకొచ్చి వేసేశానని చెప్పాను. పిరికివాడివంటావని అప్పుడు చెప్పలేదు. నాన్న పోయాక చెప్పే ధైర్యం లేకపోయింది. ఎవరిది వాళ్ళకి ఆ సాయంత్రమే ఇచ్చేశాం. నాన్నని కరిచింది వానకి పుట్టలోంచి బయటికొచ్చిన పాము, అంతే. నువ్వు ఇన్నేళ్ళు మోసిన దాంట్లో సగం నా అబద్ధమే.

అందుకే జేసీబీ వద్దంటున్నాను. అరెకరం పోతే పోనీ. అమ్మ గూట్లో ఉన్న ఆ బరిణెని చింతపండుతో తోమి సున్నం వదిలించి ఉంచు. సంక్రాంతికి సెలవివ్వరు గానీ మాఘంలో వస్తాను. ఇద్దరం మిట్టమధ్యాహ్నమే వెళ్ళి ఆ ముక్కని బరిణెలో పెట్టి మూసి వద్దాం.

అమ్మ కాళ్ళకి నా బదులు నువ్వు దణ్ణం పెట్టు. వదినకి నమస్కారాలు, చిన్నికి ముద్దులు. నీ దీవెన కావాలి, తిట్టాకే ఇవ్వు.

చదివాక చిన్నిని తీసుకుని ఏటికెళ్ళు. మోకాళ్ళ దాకా దిగు. అందులో ఏమీ లేదన్నయ్యా, నీళ్ళే.

నీ తమ్ముడు,
శ్రీను