రెండో బ్రేకు

చిరంజీవి హారనమ్మకు (పసితనంలో నువ్వు ఏడిస్తే హారనే కదా!) నాన్న దీవించి రాసే సంగతులు. ఇక్కడ నేను, మీ అమ్మ, మన డ్రైవింగ్ స్కూలు బండి ముగ్గురం క్షేమం. బండికి కాస్త దగ్గు, అంతే. అక్కడ నువ్వు వేళకి తింటున్నావని తలుస్తాను.

ముందు అసలు కబురు. కారు కొన్నానే తల్లీ! స్కూలుది కాదు, మన సొంతం! పద్నాలుగేళ్ల పాతది, బూడిదరంగు, డిక్కీ మూత సగమే లేస్తుంది. అయితేనేం, ఇంజను చప్పుడు వింటే ప్రాణం లేచొస్తుంది! మీ అమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, "ఇంట్లో ఉన్న పాత ఇనుము చాలదా?" అంది, నా వంక చూస్తూ.

కరెంటు కార్లు మంచివేనా అని అడిగావు. మంచివేనట. కానీ చప్పుడు చెయ్యని బండిని నేను నమ్మను. తప్పు చేసినవాళ్లే అంత నిశ్శబ్దంగా ఉంటారు. డ్రైవరు లేకుండా తనంతట తనే నడిచే కారు వస్తోందని పేపర్లో వేశారు. అదే వస్తే నేనెవరి మీద అరవాలి? పాల ప్యాకెట్టు కోసం సందు చివరికి వెళ్లడానికి కొండలెక్కే బండి కొనేవాళ్లని చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మన కొత్త ఫ్లైఓవరు మంత్రిగారు ప్రారంభించారు. రిబ్బను కత్తిరించిన చోటే గుంట పడింది! పెట్రోలు ధర మాత్రం ఎత్తకు, నాకసలే బీపీ.

"ఇంకా అరుస్తున్నావా నాన్నా?" అన్నావు. లేదే! నిన్న ఒక బ్యాంకు ఆఫీసరు స్పీడ్ బ్రేకర్ చూసి కళ్లు మూసుకున్నాడు. "మూసుకుంటే అది లేచి పోతుందా సార్?" అని మర్యాదగానే అడిగాను. ఇరవై ఆరేళ్లుగా పక్క సీట్లో కూర్చుని, నా కాలి కింద బిగించిన ఆ రెండో బ్రేకు తొక్కీ తొక్కీ అలవాటైపోయింది; మీ అమ్మ వంటింట్లో గబగబా నడిచినా నా కాలు నేలని నొక్కేస్తోందట.

ఇక నీ ఉత్తరం చివర రాసిన ముక్క. కొత్త పోస్టులో వంతెనలు చూడ్డానికి కారు నడుపుకుంటూ తిరగాలట. "నా వల్ల కాదని ఆరేళ్ల కిందటి టెస్టులోనే తేలిపోయిందిగా నాన్నా, సోమవారం ఆ పోస్టు వద్దని రాసిచ్చేస్తాను" అన్నావు.

తల్లీ, ఆ టెస్టు నువ్వు పాసయ్యావు. ఒక్క కడ్డీ తగలకుండా రివర్సు చేశావు. నేనే ఫెయిల్ చేయించాను. టెస్టు పెట్టిన ఇన్‌స్పెక్టరు నా దగ్గర నేర్చుకున్నవాడే. "బాగా నడిపింది మాస్టారూ" అన్నాడు. "ఈసారికి ఫెయిలని రాయి, ఇంకో నెల చెయ్యి తిరగనీ" అన్నాను. ఆ వారమే నా దగ్గర నేర్చుకుని పాసైన కుర్రాడొకడు డివైడర్ని గుద్ది రెండు కాళ్లూ విరగ్గొట్టుకున్నాడు. నేను పక్కన లేకపోతే నీకు బ్రేకు ఎవరు తొక్కుతారని భయపడ్డాను. నెల తిరగ్గానే మళ్లీ టెస్టుకి వెళ్తావనుకున్నాను. నువ్వు తాళాలు బల్ల మీద పెట్టేసి, మళ్లీ ముట్టుకోలేదు. చెబుదామనుకున్న ప్రతిసారీ బండి తుడిచే వంకతో బయటికి వెళ్లిపోయాను. తప్పు నాదే, క్షమించు.

మొన్న మీ అమ్మకి చెప్పేశాను. "ముందు దానికి రాయండి, తర్వాతే నాతో మాట్లాడండి" అంది. రెండు రోజులుగా మన ఇల్లు కరెంటు కారులా ఉంది.

సోమవారం వద్దని రాయకు. మూడు నెలలు గడువడుగు. ఈ ఉత్తరం అందగానే లెర్నర్ లైసెన్సు తీయించు. శనివారం కారేసుకుని వచ్చేస్తున్నాం! గుమ్మంలోనే తిట్టు, కడుపునిండా తిట్టు, పడతాను. ఆ తర్వాత తాళాలు తీసుకో. ఆదివారమంతా నువ్వే నడపాలి. పక్కన మీ అమ్మ కూర్చుంటుంది. దానికీ లైసెన్సుంది, పైగా అరవడం రాదు. నేను వెనక సీట్లో కూర్చుంటాను.

కారు తెచ్చిన రోజు మెకానిక్ అడిగాడు, "అలవాటైన ప్రాణం కదా మాస్టారూ, ఇందులోనూ రెండో బ్రేకు బిగించనా?" అని.

వద్దన్నాను.

ఇట్లు,
తాళాలు పట్టుకొస్తున్న మీ నాన్న