గోడ మీద ఒక్క అక్షరం

మార్చి 3, సోమవారం

రోడ్డు వెడల్పు పనికి మా వీధిలో సర్వే మొదలైంది. సాయంత్రానికి పద్నాలుగు గోడల మీద ఎర్ర రంగుతో ఒకే అక్షరం: తీ. మా గోడ మీద కూడా. దాని వెనకే అక్క కుట్టుమిషన్ గది. ఎనిమిది అడుగుల వెడల్పు. ఇరవై రెండేళ్లుగా అక్క బతుకంతా అందులోనే.

తీ అంటే తీసేయడమే కదా, ఇందులో అర్థంకానిదేముంది అన్నారు పక్కింటి మాస్టారు. ఆయన ముప్పై ఏళ్లు వ్యాకరణం చెప్పారు. అందరం నమ్మేశాం.

మార్చి 4

రోడ్డు పని ఇంజనీర్ ఫోన్ ఎత్తలేదు. మా పేపర్‌కి స్టోరీ ఫైల్ చేశాను. హెడ్డింగ్: పద్నాలుగు ఇళ్ల ముందు గదులకు గండం.

మార్చి 5

ఫ్రంట్ పేజీ. వీధంతా మా గుమ్మంలో ఉంది. ఇస్త్రీ షాపు పెద్దమ్మ, ఏరా పేపరోడా, రాసి ఊరుకుంటావా, బుల్డోజర్ వస్తే అడ్డం పడుకునేదేమైనా ఉందా అని నిలదీసింది. ఈసారి చక్రాల మీద కొట్టు పెడతానన్నాడు బేకరీ అతను. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు.

మార్చి 7

అక్క కస్టమర్ల బట్టలు తిరిగి ఇచ్చేస్తోంది. సగం కుట్టినవి కూడా. తొందరపడకు అన్నాను. నీ పేపర్లోనే వచ్చిందిగా తమ్ముడూ, నువ్వే నమ్మకపోతే ఎలా అంది. మిషన్ కొనుక్కునేవాళ్లు రేపు పొద్దున పదింటికి వస్తారట.

మార్చి 8, ఉదయం 7

ఇరవై ఏడేళ్ల సర్వీసు. ట్రెయినీలకు మొదటి రోజు చెప్పేది ఒకటే: రాసినవాణ్ని అడగండి. గోడ మీద రాసినవాణ్ని నేను అడగలేదు.

మధ్యాహ్నం 12

పొద్దున తొమ్మిదింటికి దొరికాడు. పక్క వీధిలో, చేతిలో ఎర్ర డబ్బాతో. తీ అంటే తీగ సార్ అన్నాడు. ఇళ్లకొచ్చే కరెంటు తీగలు ఇకమీద భూమిలోంచి వేస్తారట, ఎక్కడ వెయ్యాలో ఆ గుర్తు. గ కూడా రాయొచ్చుగా అన్నాను. రోజుకి అరవై గోడలు సార్, గ రాస్తూ కూర్చుంటే మా మేస్త్రీ నన్ను తీసేస్తాడు అన్నాడు.

అక్కడినుంచి సైట్ ఆఫీసు. ఇంజనీర్ ప్లాన్ పరిచాడు. వెడల్పంతా అవతలి వైపు, మూతపడ్డ మిల్లు స్థలంలోకి. మా వైపు ఒక్క ఇటుక కదలదు. కాపీ మీద సంతకం చేయించుకుని పరిగెత్తాను.

మిషన్ అప్పటికే గుమ్మం దాటింది. కొనేవాళ్లు ఒక వైపు, అక్క ఒక వైపు పట్టుకుని ఉన్నారు. ఊపిరి అందక కాగితం మాత్రం చూపించాను. అక్క రెండుసార్లు చదివింది. పేపర్లో వేస్తావా అంది. వేస్తానన్నాను. తప్పు నీదని కూడా వేస్తావా అంది. అదీ వేస్తానన్నాను. వచ్చినవాళ్లకు సారీ చెప్పింది. అయితే ఆ వైపు పట్టుకో, లోపల పెడదాం అంది నాతో.

ఇంత బరువని తెలీదు.

మార్చి 9

సవరణ. ఫ్రంట్ పేజీలోనే, నా పేరుతో. తీగ అని తనకు ముందే తట్టిందన్నారు మాస్టారు. వీధంతా హాయిగా నవ్వింది. అక్క కూడా.

మార్చి 10

ఉదయం మిషన్ చప్పుడు. గోడ మీద, తీ పక్కన, దర్జీ సుద్దతో అక్క చేతిరాత: పి.