ఈశాన్యం వైపు

1962 ఆగస్టు 13

దగ్గు తగ్గకపోతే నెల్లూరు మిషన్ ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు. టీబీ కాదట. మిల్లు దుమ్మట. రైస్ మిల్లు పని మానెయ్యమన్నాడు డాక్టరు. మానేసి ఏం తినాలో అది కూడా చీటీ మీద రాసివ్వమన్నాను. నర్సు తల వంచుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఆగస్టు 15

మిల్లు ముందు జెండా ఎగరేశారు. ఓనరు ఉపన్యాసం మధ్యలో నాకు దగ్గొచ్చింది. కావాలనే దగ్గానని మేస్త్రి మస్తానయ్య తిట్టాడు. కావాలని దగ్గడమే నా చేతుల్లో ఉంటే ఉపన్యాసం మొదట్లోనే దగ్గేవాణ్ణి.

ఆగస్టు 20

సాయంత్రం పోలయ్య వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వడ్లు ఎండబోసే గచ్చుకు కాపలా ఆయనే. పడుకునేది కూడా మిల్లులోనే, గోతాల షెడ్డులో. జపాను వాళ్ళు బాంబులు వేసే వరకు రంగూన్‌లో మిల్లు కూలీ అట. అక్కడ పక్కింటి చైనా వడ్రంగి రోజూ పొద్దున్నే మెల్లగా చేతులూ కాళ్ళూ ఆడిస్తూ ఊపిరి తీసేవాడట. తాయ్ చీ అంటారట. పోలయ్యకు అప్పట్లో నాలాంటి దగ్గే ఉండేదట. వడ్రంగి దగ్గర నేర్చుకున్నాక పోయిందట. నాకు నేర్పుతానన్నాడు.

నాన్సెన్స్ అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయనకు కోపం రాలేదు. ఆయనకు ఎప్పుడూ కోపం రాదు. నాకు అదే కోపం.

ఆగస్టు 29, తెల్లవారుజాము

రాత్రంతా దగ్గి విసిగి పోలయ్య దగ్గరికి వెళ్ళాను. గచ్చు మీద ఇంకెవరూ లేరు కాబట్టి ఆయన చెప్పినట్టు చేశాను. సిగ్గేసింది.

ఉడకేసిన వడ్లు గచ్చు మీద పరిచి కాళ్ళతో తిరగేస్తాం మేము. అడుగు ఎత్తకూడదు, ఈడ్చాలి. సగం ఆరిన గింజ మీద బరువు పడితే బియ్యం విరిగి నూకవుతుంది. పోలయ్య నేర్పే నడక కూడా అలాంటిదే. అందుకే త్వరగా పట్టుబడింది. ఒంటి బరువంతా ఒక కాలి మీదే ఉంచాలట. రెండో కాలు ఖాళీగా ఉండాలట. "ఖాళీ కాలే ముందుకు పోవాల అబ్బయా" అన్నాడు. మిగతాదంతా ఊపిరే.

మొదలుపెట్టే ముందు ఆయన ఎప్పుడూ ఈశాన్యం వైపు తిరిగి చేతులు జోడించి కాసేపు నిలబడతాడు. అది కూడా కసరత్తేనా అని అడిగాను. అలవాటు అన్నాడు.

సెప్టెంబరు 17

నిన్న రాత్రంతా నిద్రపోయాను. దగ్గు వినపడకపోయేసరికి అమ్మకు భయమేసి, లేచి వచ్చి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట.

అక్టోబరు 2

మస్తానయ్య అందరి ముందు అడ్డమైన మాటలూ అన్నాడు. నేను తిరిగి తిట్టలేదు. ఊపిరి వదిలి బస్తా ఎత్తుకున్నాను. ఇది నాకు నచ్చలేదు. ఈ కసరత్తు మనిషిని పిరికివాణ్ణి చేస్తుందా అని పోలయ్యను అడగాలి.

అక్టోబరు 21

చైనా మన మీద పడింది. మిల్లులో గడగడా పేపరు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ పొట్లాల కాగితాలు చూసి నేర్చుకున్న చదువే. టీ కొట్టు ముందు బెంచీ ఎక్కి చదివాను. మధ్యలో రెండుసార్లు ఆగాను. దగ్గు కాదు, కోపం.

అక్టోబరు 30

డిఫెన్స్ ఫండ్‌కు అమ్మ చెవి కమ్మలు ఇచ్చేసింది. ఇక కసరత్తు ఎందుకులే అన్నాను నిన్న పోలయ్యతో. ఊపిరికి ఏ దేశమో తెలీదు గదా అన్నాడు. సమాధానం దొరకలేదు. నా పేరు సమాధానం. ఇవాళ పొద్దున్నే వెళ్ళాను, కానీ గోడ వారగా నిలబడి చేశాను.

నవంబరు 5

వాన. గచ్చు పని లేదు. అందరం గోతాల షెడ్డులో కూర్చున్నాం. పోలయ్య బాయిలర్ దగ్గర ఉన్నాడు. తెల్లవారుజామున గచ్చు మీద ఇద్దరు చైనా డ్రిల్లు చేస్తుంటే ఎవరో చూశారట. మస్తానయ్యే ఎత్తాడు ఆ మాట. ఒకడు పోలయ్య అట. రెండోవాడెవడు అని అడిగాడు. ఎవరూ నన్ను చూడలేదు. నాకు మాత్రం అందరూ నన్నే చూస్తున్నట్టు ఉంది.

నేను నోరు మూసుకోవలసింది. "రెండోవాడెవడో నాకు తెలీదు గానీ, పోలయ్య మాత్రం పొద్దున్నే ఈశాన్యం తిరిగి చైనా వాడికి సెల్యూట్ కొడతా ఉండాడు" అన్నాను.

షెడ్డంతా నవ్వింది. లేచి నిలబడి చేతులు ఊపి చూపించాను కూడా. మస్తానయ్య నా వీపు తట్టాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తట్టలేదు. బాగుంది. అబద్ధం ఎందుకు రాయాలి, బాగుంది.

నవంబరు 6

కసరత్తుకు వెళ్ళలేదు. వాన అనుకున్నాను. వాన లేదు.

నవంబరు 13

పోలయ్యను స్టేషన్‌కు తీసుకుపోయారు.

నా మాట షెడ్డులోంచి టీ కొట్టుకు, అక్కడి నుంచి బజారుకు పోయింది. బజారులో అది జోకు కాలేదు. పొద్దున్నే సైగలు చేసే మనిషి అయింది, చైనా భాష వచ్చిన మనిషి అయింది. చివరకు కానిస్టేబుల్ వచ్చాడు.

గచ్చు మీద పనిచేసే పేరమ్మక్క నా దగ్గరికి వచ్చింది. పేపరు చదివేవాడివి, నీ మాట వింటారు, పోయి ఎస్సై గారికి చెప్పమంది. ఉతికిన షర్టు వేసుకున్నాను. స్టేషన్ మలుపు దాకా వెళ్ళాను. అక్కడ టీ తాగి తిరిగొచ్చాను.

నవంబరు 14

వదిలేశారు. కొట్టలేదంటున్నారు. ఓనరు మాత్రం ఇక మిల్లులో చోటు లేదన్నాడట. చిల్లకూరులో అక్క కూతురు ఉందట. పేరమ్మక్క మూట కట్టి ఇచ్చింది. పోయేటప్పుడు గేటు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. నేను బాయిలర్ చాటున ఉన్నాను.

నవంబరు 22

యుద్ధం ఆగిందని చదివాను. అందరూ చప్పట్లు కొట్టారు. పోలయ్య పేరు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

డిసెంబరు 9

దగ్గు తిరిగొచ్చింది. రానీ. చర్చిలో ప్రార్థనకు అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను బయటికి వచ్చి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాను.

డిసెంబరు 30

చిల్లకూరు వెళ్ళాను. ట్రంకు రోడ్డు పక్కనే ఇల్లు. పోలయ్య బయట నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళు బిగుసుకుపోయాయి, లేవడానికి గోడ పట్టుకున్నాడు. కసరత్తు మానేశాడట. ఇక్కడ కూడా జనం చూస్తారని అక్క కూతురు వద్దందట.

బస్సులో ఏవేవో అనుకుంటూ వచ్చాను. ఆ సెల్యూట్ మాట అన్నది నేనే మామా అన్నాను, అంతే.

"తెలుసు అబ్బయా" అన్నాడు. "ఎస్సై ఆ మాటే అడిగినాడు. మిల్లులో మిగతావాళ్ళకాడ అంత ఎటకారం యాడిది? వినంగానే నీదే అనుకున్యా."

రెండోవాడెవడని కూడా అడిగారట. చెప్పలేదట. ఎందుకు చెప్పలేదని అడిగాను. నా గొంతు పెద్దదైంది. ఆయన మీద అరుస్తున్నాను, దేనికో నాకే తెలీదు.

"నీ దగ్గు తగ్గతా ఉన్నింది గదా" అన్నాడు.

ఇప్పుడెట్టుందని అడిగాడు. పూర్తిగా పోయిందని చెప్పబోయాను. అంతలో దగ్గొచ్చింది, ఆగలేదు.

ఈశాన్యం సంగతి అప్పుడు చెప్పాడు. రంగూన్ నుంచి నడిచి వస్తుంటే అరకాన్ కొండల్లో ఆయన భార్య చెంచమ్మకు కలరా తగిలిందట. దారి పక్కనే వదిలి రావలసి వచ్చిందట. రోజూ ముందు అటు తిరిగి నిలబడి తర్వాత మొదలుపెడతాడట. కసరత్తులో అది లేదట.

స్టేషన్‌లో ఇది చెప్పి ఉంటే అప్పుడే వదిలేవాళ్ళు కదా అన్నాను.

"ఆడ ఆమె పేరెందుకు ఎత్తాల?"

తర్వాత నన్ను చేసి చూపించమన్నాడు. రోడ్డు పక్కనే చేశాను. లారీలు హారన్ కొట్టాయి. పిల్లలు చేరారు. పోలయ్య మంచం మీద కూర్చుని నా పాదాలే చూశాడు. బరువు రెండు కాళ్ళ మీదా పెడుతున్నావు, అందుకే కదలలేకపోతున్నావు అన్నాడు.

1963 జనవరి 7

పగలు. ఎండ. గచ్చు మీద అందరూ ఉన్నారు. ఈశాన్యం తిరిగి నిలబడ్డాను. మస్తానయ్య వచ్చి ఏందిరా ఇది అన్నాడు.

రెండోవాడు ఎవడని అడిగావు గదా, నేనే అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఖాళీ కాలు ముందుకు వేశాను.