ఇనుప పలకను ఇబుకు రాసిస్తున్నాను

మెయ్‌నుంగ్ ఊరి చివర, లియూగుయ్ వెళ్లే రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డు వెనకింట్లో కాపురముంటున్న చుంగ్ సాన్‌మొయి అనే నేను, కీర్తిశేషుడు లియూ ఛున్‌ఫుక్ భార్యను, డెబ్బై నాలుగేళ్ల దానిని, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా నా చేత్తో నేనే రాసుకుంటున్న కాగితం ఇది. నా బుద్ధి స్థిమితంగా ఉంది. ఈ మాట ఊరికే రాయడం లేదు, డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్టు వెనక జత చేశాను. ఆయన నన్ను నూరులోంచి ఏడు తీస్తూ పొమ్మన్నాడు. రెండు మిగిలేదాకా తీసి, ఇక తీయడానికి లేదన్నాను. ఆ సర్టిఫికెట్టు అవసరం నాకెందుకు పడిందో నాలుగవ అంశంలో ఉంది.

దీన్ని అమలు చేయవలసింది పోస్టాఫీసులో పనిచేసి రిటైరయిన వెన్ యూలాన్. ఆమెకు ఎవరి దగ్గరా మొహమాటం లేదు. అందుకే ఆమెను పెట్టాను.

1. ఇల్లు, ఇంటి వెనక ముల్లంగి చేను నా ఒక్కగానొక్క కొడుకు లియూ యుంగ్‌చ్యెన్‌కు సర్వహక్కులతో చెందాలి. ప్రేమ పొంగి ఇస్తున్నానని వాడు అనుకోనక్కరలేదు. చట్టప్రకారం వాడికి రావలసింది వాడికి రావాలి, అంతే.

2. షెడ్డు ముందున్న బోర్డు మీద నా భర్త పేరు ఒక్కటే ఉంది. నా తదనంతరం ఆ పేరు కింద నా పేరు కూడా అంతే సైజు అక్షరాలతో రాయించాలి. అంగుళం తగ్గినా ఒప్పుకోను.

ఆయన ఇంజన్లు విప్పేవాడు. ఎక్స్‌కవేటర్ పంపులు మాత్రం మొదటినుంచీ నావి. ఆ పంపు లోపల అరచేయంత గుండ్రటి బిళ్ల ఒకటి ఉంటుంది. దాని ముఖం అద్దంలా ఉంటేనే నూనె ఒత్తిడి నిలుస్తుంది. మురికి నూనెతో గీతలు పడ్డాయా, ఒత్తిడి పక్కకు జారిపోయి యంత్రం చెయ్యి పైకి లేవదు. ఆ బిళ్లను చదునైన ఇనుప పలక మీద, సన్నటి రాపిడి పిండి పూసి, మెలికలు తిప్పుతూ అరగదీయాలి. ఎక్కువ నొక్కితే వంకర పోతుంది. తక్కువ నొక్కితే గీత పోదు. నలభై ఏళ్లు అదే పని చేశాను. వచ్చినవాళ్లు మాత్రం "ఛున్‌ఫుక్ చెయ్యి పడితే చాలు" అనేవాళ్లు. ఆ చెయ్యి నాదని ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనొకసారి నిలదీస్తే, "ఎవరి చెయ్యైతే ఏంటే, బండి కదిలిందా లేదా?" అన్నాడు. బండి కదిలింది. పేరు ఆయనకు పోయింది. పదకొండేళ్లుగా ఆయన పటం ముందు రోజూ అగరొత్తి వెలిగిస్తూ ఈ సంగతి రోజూ గుర్తు చేస్తున్నాను.

3. ఆయన పోయాక కొడుకు రోడ్డుకు అవతల వేరే షాపు పెట్టి, ఒక పెద్ద కంపెనీకి సర్వీసు ఏజెంటయ్యాడు. దాని పేరు రాసి ఈ కాగితం పాడు చేయను. అక్కడ తెల్లటి నేల, గోడ మీద కంప్యూటరు. అది తప్పెక్కడుందో చెబుతుంది. వీళ్లు పాతది విప్పి పారేసి, డబ్బాలోంచి కొత్తది తీసి బిగిస్తారు. పాడైంది ఎందుకు పాడైందని ఒక్కడూ అడగడు. షాపులో ఐదుగురు మెకానిక్కులున్నారు. మంచి పిల్లలే, చురుకైనవాళ్లే. వాళ్లలో ఒక్కడు కూడా పంపు లోపలిది కళ్లతో చూడలేదు. చూడనివ్వరు కూడా. పంపు మీద కంపెనీ సీలుంటుంది.

న్యాయం మాట్లాడాలి కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. కొత్త యంత్రాల్లో కొన్నిటిని నేను కూడా విప్పలేను. వాటికి కొత్త భాగమే దిక్కు. కాదనను. కానీ వీళ్లు తుక్కులో పారేసిన పంపులు ముప్పై ఒకటి నేను ఏరి తెచ్చి విప్పాను. పన్నెండు నిజంగా చచ్చినవి. పందొమ్మిదింటికి ఒక్క పూట పని. పందొమ్మిది! అన్నీ షెడ్డులో వరసగా ఉన్నాయి, వచ్చి లెక్కపెట్టుకోవచ్చు.

4. ఇది ఆస్తి పంపకం కాదు. అయినా రాస్తున్నాను. నేను పోయాక చెప్పేవాళ్లు ఉండరు.

నాలుగేళ్ల కిందట ఆగస్టు తుపానుకు ఎగువన కొండచరియ విరిగిపడి, కొండజాతి బునున్ వాళ్ల ఊరికి ఉన్న ఒక్క రోడ్డూ పూడిపోయింది. ఊరివైపున ఒకే ఒక్క ఎక్స్‌కవేటర్ ఉంది. దాన్ని నడిపేది ఇబు, ఆ ఊరి ఆడమనిషి. రోడ్డు తవ్వుతుండగా యంత్రం పడకేసింది. షాపుకు ఫోన్ చేస్తే నేనే తీశాను.

"పెద్దమ్మా, బండి చెయ్యి లేవట్లేదు. నూనె వేడెక్కితే చాలు, కూలబడిపోతోంది. ఇక్కడ కిడ్నీలు పోయి ఆసుపత్రిలో రక్తం కడిగించుకోవాల్సినోళ్లు ముగ్గురున్నారు. మా తియాంగ్ మామకి నిన్ననే వెళ్లాల్సింది."

ఆ లక్షణం వినగానే బిళ్ల గీతలు పడిందని నాకు తెలిసిపోయింది. మబ్బు దిగి ఉండటంతో హెలికాప్టరు వాలలేకపోతోంది. కొడుక్కి చెప్పాను. వాడు కంప్యూటర్లో చూసి, కొత్త పంపు నాలుగు రోజుల్లో వస్తుందన్నాడు. రోడ్డే లేని చోటికి నలుగురు మోయలేని పంపును ఎలా చేరుస్తావురా అని అడిగాను.

"అది కంపెనీ చూసుకుంటుందమ్మా. నువ్వు మాత్రం దాని జోలికి పోకు. సీలు తీశావంటే గ్యారంటీ పోద్ది, నా ఏజెన్సీ కూడా పోద్ది."

నేను ఊరుకున్నాను. రెండు రోజులు ఊరుకున్నాను. చేతకాక కాదు, కొడుకు బతుకుదెరువని. ఈ కాగితంలో ఎవరిని తిట్టినా, ఆ రెండు రోజులకు ముందు నన్ను నేనే తిట్టుకోవాలి.

మూడో రోజు పొద్దున ఇనుప పలకను బుట్టలో పెట్టుకుని, టైర్ల దుకాణం తెంగ్ బండి మీద విరిగిన కొండ దాకా వెళ్లాను. అవతలి నుంచి ఇబు తాడు పట్టుకుని వచ్చింది. పదకొండు కిలోల పలకను వీపున కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బురద దాటించింది. ఊరి బడి వరండాలో సీలు తెంచి పంపు విప్పాం. నేను అనుకున్నదే. గోటికి తగిలేంత గీతలు రెండు. తొమ్మిదింటికి మొదలుపెడితే మధ్యాహ్నం రెండు దాటింది. మోకాళ్ల మీద కూర్చుని నేను తిప్పుతుంటే, ఇబు కిరసనాయిలుతో కడిగి వెలుతురుకు పట్టి చూసేది. "ఇంకా ఉంది పెద్దమ్మా" అనేది. ఒక్కసారి కూడా "చాల్లే" అనలేదు. మూడింటికి యంత్రం చెయ్యి లేచింది. చీకటి పడేదాకా తవ్వింది, మళ్లీ వెలుతురు రాగానే మొదలుపెట్టింది. మర్నాడు మధ్యాహ్నానికి రోడ్డు తెరుచుకుంది. అంబులెన్సులో ఇద్దరు వెళ్లారు. తియాంగ్ ఆ తెల్లవారుజామునే పోయాడు.

"మీరు రాకపోతే ముగ్గురూ పోయేవాళ్లు పెద్దమ్మా" అంది ఇబు. మొదటి రోజే వచ్చి ఉంటే ముగ్గురూ ఉండేవాళ్లని ఆమెకూ తెలుసు. 

మూడు వారాలకు కంపెనీ తనిఖీ మనిషి వచ్చాడు. బాగున్న పంపును చూడలేదు, తెగిన సీలును ఫొటో తీసుకున్నాడు. అప్పుడు నా కొడుకు ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. "మా అమ్మకు వయసు మీద పడి మతి చలించింది. ఏం చేస్తోందో తెలియని స్థితిలో సీలు తీసింది" అని అందులో ఉంది. ఏజెన్సీ నిలబడింది. అడిగితే, "ఉత్త కాగితమే కదమ్మా" అన్నాడు. సరే, ఇదీ ఉత్త కాగితమే. నేను ఏం చేస్తున్నానో పూర్తిగా తెలిసి తీశాను ఆ సీలు. రెండు రోజులు ఆలస్యంగా తీశాను. కోర్టు వారైనా, కొడుకైనా, ఈ రెండు వాక్యాలే నా వాంగ్మూలంగా తీసుకోవాలి.

5. నా స్వార్జితమైన షెడ్డు, అది ఉన్న నేల, లోపలి లేతు యంత్రం, ముప్పై ఒక్క పంపులు, అరగదీసే పిండి డబ్బాలు, ఆ ఇనుప పలక, ఇవన్నీ పైన చెప్పిన ఇబుకు చెందాలి. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం చర్చి అయ్యాక కొండ దిగి వచ్చి పని నేర్చుకుంది. నాకంటే నిదానం, నాకంటే శుభ్రం. పోయిన ఏడు ఆమె అరగదీసిన బిళ్లలో నేను తప్పు పట్టడానికి పొద్దంతా వెతికి, దొరక్క కోపం తెచ్చుకున్నాను. పలకను ఎండలో పెట్టకూడదు, దాని మీద టీ గ్లాసు పెట్టకూడదు, పెట్టినవాళ్లను బయటికి పంపాలి. నా కొడుకు ఈ షెడ్డు కోసం దావా వేస్తే, ఆ ముప్పై ఒక్క పంపులనూ కోర్టు ముందు పెట్టి, ఏవి బతికాయో ఏవి చచ్చాయో వాడినే చెప్పమనండి.

6. వంటింటి అటక మీద మూడు జాడీల ముల్లంగి ఊరగాయ ఉంది. వాడు పుట్టిన ఏడు పెట్టింది, నల్లబడింది. అది యుంగ్‌చ్యెన్‌కు. చలికాలం వాడికి దగ్గు పట్టుకుంటుంది. కోడి పులుసులో రెండు ముక్కలు, అంతకు మించి వేయకూడదు. కోడలికి ఎన్నిసార్లు చెప్పినా గుప్పెడు వేస్తుంది.

7. కంపెనీ ఎప్పుడో ఒకనాడు వాడిని వదిలేస్తుంది. అలాంటి వాళ్లు వదిలేస్తారు. వాడికి యాభై రెండేళ్లు, చేతిలో విద్య లేదు. ఆ రోజు వాడు షెడ్డుకు వచ్చి అడిగితే ఇబు నేర్పాలి. అడగకపోతే పిలవకూడదు. నా కొడుకని నేర్పడానికి వెనకాడకూడదు. నా కొడుకని, గీత మిగిలిన బిళ్లను బాగుందనీ అనకూడదు.

నాలుగవ అంశంలో తనిఖీ మనిషి గురించి రాసిన రెండు మాటలు కొట్టివేశాను. కొట్టివేసింది నేనే. చదవగలిగినవాళ్లు చదువుకోవచ్చు.

2023 నవంబరు 14, మంగళవారం, మెయ్‌నుంగ్.

(సంతకం) చుంగ్ సాన్‌మొయి

సాక్షులు:
1. తెంగ్ షియెన్‌ఖువెయ్, టైర్ల దుకాణం
2. కూ లీచూ, పక్కింటి ఆవిడ